చూసేదానికేముంది?

చుట్టం వచ్చిన రోజు క్షేమసమాచారాలతో గడిచిపోతుంది. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర అడుగుతాడు, "ఈ చుట్టుపక్కల చూసేదానికేముంది?" అని. తిరుపతి వాళ్లకు ఈ బాధ లేదు. హంపీ పక్కన ఉన్నవాడు చెయ్యెత్తి చూపిస్తే సరిపోతుంది. చీమకుర్తి వాడు మాత్రం గొంతు సవరించుకుంటాడు. "ఇక్కడేముందండీ, దుమ్ము తప్ప" అని మొదలెట్టి, భైరవకోన వెళ్లొచ్చంటాడు, త్రిపురాంతకం చూడాల్సిందేనంటాడు, కంభం చెరువు గట్టు మీద సాయంత్రం బాగుంటుందంటాడు. అంత దూరం ఓపిక లేకపోతే కొత్తపట్నం సముద్రానికి పోయి రండంటాడు. చీమకుర్తి చూద్దామని అడిగినవాణ్ణి ముందు చీమకుర్తి పొలిమేర దాటించడం మా ఊరి మర్యాద.

ఆయన చెప్పినవి తక్కువవేమీ కావు. భైరవకోనలో నల్లమల కొండ గోడను తొలిచి ఎనిమిది శివాలయాలు చేశారు. త్రిపురాంతకాన్ని శ్రీశైలానికి తూర్పు వాకిలి అంటారు. కంభం చెరువు విజయనగర రాజుల నాటిది, గుండ్లకమ్మకు అడ్డంగా కొండల మధ్య వేసిన కట్ట. అయిదు వందల ఏళ్లనాటి ఆ కట్టకు నీటిపారుదల వారసత్వ కట్టడమని 2020లో అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. తీరం వెంట కొంచెం పైకి పోతే మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిచ్చి శాసనం వేయించిన రేవు, మార్కోపోలో తన పుస్తకంలో రాసుకున్న రేవు. వీటి గురించి రాసేవాళ్లు రాశారు, ఇంకా రాస్తారు.

నా గొడవ వేరు. ఈ జాబితాలో ఉన్నవన్నీ దేవుడివో, రాజులవో, సముద్రుడివో. ఇప్పుడు బతికున్న మనుషులు, మన కళ్లముందు, చేతులతో యంత్రాలతో చేసిన పని ఒక్కటీ అందులో లేదు. నలభై ఏళ్లుగా ఈ ప్రాంతంలో జరిగిన అతిపెద్ద పని ఏదయ్యా అంటే చీమకుర్తి నల్లరాతి గొయ్యి. దాన్ని మాత్రం చుట్టానికి చూపించం. ఇంటి వెనక చెత్తకుప్ప కనబడకుండా తలుపు దగ్గరికి వేసినట్టు, ఆ దారిన పోవాల్సి వచ్చినా కారు అద్దాలు ఎక్కించుకోమంటాం.

మా అన్నయ్య కొడుకు ఇంగ్లండులో కార్న్‌వాల్ అనే కౌంటీలో ఆస్పత్రి ఉద్యోగం చేస్తున్నాడు. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. కిందటిసారి వచ్చినప్పుడు ఒక రంగుల పుస్తకం తెచ్చాడు, వాళ్ల జిల్లాలో చూడదగ్గ స్థలాలంట. "బాబాయ్, అక్కడ ప్రతిదానికీ బోర్డుంటుంది" అన్నాడు. దారి చూపే మామూలు బోర్డులు వేరు, చూడదగ్గ చోట్లకు దారి చూపేవి వేరు. అవి గోధుమరంగు మీద తెల్ల అక్షరాలు. పాత కోట ఉన్నా, తోట ఉన్నా, ఆవుపాల ఐస్‌క్రీమ్ అమ్మే పెద్ద దొడ్డి ఉన్నా గోధుమరంగు బోర్డు పడిపోతుంది. ఒంగోలు నుంచి మా ఊరు వచ్చే కర్నూలు రోడ్డు మీద బోర్డులు లేవని కాదు. టిప్పర్లు తిరుగు ప్రదేశం, నెమ్మదిగా పోవలెను, అనే రకం ఉన్నాయి.

ఆ పుస్తకాన్ని భోజనమయ్యాక పడక్కుర్చీలో తిరగేశాను. సముద్రం మీదికి వంగిన కొండరాతి అంచున కట్టిన ఆరుబయలు నాటకశాల ఒకటి ఉంది. మినాక్ అంటారు. రోవెనా కేడ్ అనే ఆవిడ తన ఇంటి తోటచివర మొదలుపెట్టి, తోటమాలిని సాయం పెట్టుకుని, బతికినన్నాళ్లూ దాన్ని కడుతూనే ఉందట. 1932లో మొదటి నాటకం ఆడారు. ఆవిడ సంగతి ఇంకో వ్యాసానికి దాచుకుంటాను. నన్ను ఆపింది తర్వాతి పేజీలు. సగం పుస్తకం గనులే. పాడుబడ్డ తగరపు గనులు, రాగి గనులు, సముద్రం అంచున కప్పు ఎగిరిపోయి మొండిగోడలతో నిలబడ్డ ఇంజను ఇళ్లు, పొడుగాటి పొగగొట్టాలు. అవి ఆ జిల్లాకు గుర్తు. టీ కప్పుల మీద బొమ్మ వేసి అమ్ముకుంటారు. 2006లో యునెస్కో వాళ్లు ఆ గనుల నేలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

పొగగొట్టం చూడగానే మనవైపు పొగాకు బ్యారన్లు గుర్తొచ్చాయి. నల్లరేగడి చేలమధ్య ఎత్తుగా, కిటికీ లేకుండా నిలబడే ఆ ఇటుక గదుల్ని చూసి, ఒంగోలు జిల్లా వచ్చిందని బస్సులో నిద్రలేచేవాళ్లం. పొగాకు తగ్గినకొద్దీ వాటి తలుపులూ దూలాలూ ఊడదీసి అమ్ముకుంటున్నారు. ఇప్పటిదాకా ఒక్క బ్యారన్ ముందు నిలబడి ఫోటో తీసుకున్న మనిషిని నేను చూడలేదు. సరే, అదీ ఇంకో వ్యాసం.

కార్న్‌వాల్ పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువ పేజీలు మింగింది ఈడెన్ ప్రాజెక్ట్. సెయింట్ ఆస్టెల్ అనే ఊరి దగ్గర బొడెల్వా అనే చోట పింగాణి మట్టి గొయ్యి ఉండేది. కప్పులకీ సాసర్లకీ, కాగితం నిగారింపుకీ వాడే తెల్లమట్టి. నూట అరవై ఏళ్లపాటు తవ్వారు. 1990లు వచ్చేసరికి గొయ్యి పని అయిపోవచ్చింది. అరవై మీటర్ల లోతు, అడుగు భూగర్భ జలమట్టానికి దిగువన, మొక్క మొలవడానికి పిడికెడు సారం లేదు. టిమ్ స్మిట్ అనే ఆయనకు అందులోనే తోట వెయ్యాలని బుద్ధి పుట్టింది. నికొలస్ గ్రిమ్‌షా అనే వాస్తుశిల్పి గొయ్యి అంచులకు ఆనుకునేలా బుడగల్లాంటి గుడారాలు గీశాడు. పని మొదలెట్టిన కొత్తలోనే వానలు కొట్టి గొయ్యి చెరువైంది. ఆ నీళ్లు తోడే ఏర్పాటు చేసుకుని, ఇప్పుడవే నీళ్లు మొక్కలకు వాడుకుంటున్నారు. మట్టి లేదు కాబట్టి మట్టినే తయారు చేశారు. గని వ్యర్థాల్లో కుళ్లబెట్టిన ఎరువు కలిపి 85 వేల టన్నులు. 2001 మార్చిలో తెరిచారు. అప్పట్నుంచి కోటిమందికి పైగా టికెట్ కొనుక్కుని ఆ గోతిలోకి దిగారు.

పింగాణి మట్టి తవ్వినప్పుడు పైకి పోసిన వ్యర్థం ఆ జిల్లాలో తెల్ల గుట్టలుగా పేరుకుపోయింది. వాటికి వాళ్లు పెట్టుకున్న పేరు కార్నిష్ ఆల్ప్స్. కొంత వెటకారం, కొంత మురిపెం. వాటిని చదును చేస్తామంటే వద్దని అడ్డంపడ్డ ఊరివాళ్లు ఉన్నారు. మా ఊరి పక్కన రామతీర్థం దారిలో రోడ్డుకు రెండుపక్కలా అంతకు తగ్గని గుట్టలున్నాయి. మేం డంపులంటాం. పేరు పెట్టి పిలిచే ఓపిక ఎవరికీ లేకపోయింది.

2001 మార్చి అన్నాను కదా. సరిగ్గా దానికి ముందు నెలాఖరున, ఫిబ్రవరి 28న, మన పొరుగున కోలారు బంగారు గనులు మూసేశారు. ఈ రెంటికీ సంబంధం లేకపోలేదు. 1880 ప్రాంతంలో కోలారు గనుల్ని పైకి తెచ్చిన జాన్ టేలర్ కంపెనీ, పని తెలిసినవాళ్లు కావాలని కార్న్‌వాల్ నుంచే గని మనుషుల్ని ఓడలెక్కించి తెచ్చింది. వాళ్ల కింద దిగినవాళ్లు మన తెలుగువాళ్లు, తమిళులు. చిత్తూరు జిల్లాలోంచి, ఉత్తర ఆర్కాటులోంచి పోయినవాళ్లు. మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతున, రాయి వేడికి ఒళ్లు ఉడికిపోయే చోట తరతరాలు పనిచేశారు. కార్న్‌వాల్ వాడి సొంత ఊళ్లో గొయ్యి తోట అయింది. వాడు నేర్పిన చోట గని గేటుకు తాళం పడి, సయనైడ్ దిబ్బలు మిగిలాయి. సినిమా వచ్చాక మన కుర్రాళ్లకు కేజీఎఫ్ అంటే తెలిసింది. అయితే వాళ్లకు తెలిసింది హీరో సంగతి.

కార్న్‌వాల్‌లోనే గీవర్ అనే తగరపు గనిది ఇంకో పద్ధతి. 1990లో మూతపడింది, 1993లో మ్యూజియంగా తెరుచుకుంది. అందులో పనిచేసి రోడ్డున పడ్డవాళ్లలో కొందరే ఇప్పుడు టోపీ పెట్టుకుని వచ్చినవాళ్లకు గని చూపిస్తున్నారు. తాను ఎక్కడ కూర్చుని అన్నం తిన్నదీ, ఏ చోట పైకప్పు రాలుతుందని భయపడ్డదీ ఆ మనిషే చెబుతాడు. ఈడెన్ కంటే నాకు ఇది నచ్చింది. గోతిలో తోట వెయ్యడానికి కోట్లు కావాలి. గోతిలో పనిచేసినవాడి చేత మాట్లాడించడానికి ఒక కుర్చీ, ఒక మైకు, నెలకింత జీతం చాలు.

ఇక మా గొయ్యి సంగతి.

చీమకుర్తి నల్లరాయిని లోకం గ్రానైట్ అంటుంది, వ్యాపారంలో గెలాక్సీ అంటుంది. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు అది గ్రానైటే కాదు, గాబ్రో జాతి అంటారు. వంద కోట్ల ఏళ్లకు పైమాట, భూమి లోపల కరిగిన రాతిముద్ద పైకి రాలేక, లోపలే నిదానంగా చల్లారింది. తొందరగా చల్లారితే పలుకులు సన్నగా ఉంటాయి. నిదానంగా చల్లారితే పెద్దవవుతాయి. అలా పెరిగిన పలుకుల్లో బ్రాంజైట్ అనే ఖనిజం ఉంది. నునుపు పట్టించి వెలుతురులో పెడితే అదే బంగారు చుక్కలుగా మెరుస్తుంది. నల్లరాళ్లు లోకంలో చాలాచోట్ల ఉన్నాయి. నలుపులో బంగారం చల్లిన ఈ రాయి మాత్రం చీమకుర్తి, రామతీర్థం చుట్టుపక్కల కొద్ది మేర తప్ప ఇంకెక్కడా దొరకదని వర్తకులు ఒట్టేసి చెబుతారు. దీనికి పోటీగా వచ్చినవి చూశాను. మెరుపుంటుంది, లోతుండదు.

రాయిని కోసే పద్ధతి చూసినవాడికి బాంబులతో పేల్చేస్తారన్న భ్రమ పోతుంది. గెలాక్సీని పేలిస్తే పగులు పడుతుంది, పగులు పడితే ధర పోతుంది. అందుకని పైనుంచి ఒక బెజ్జం, పక్కనుంచి ఒక బెజ్జం వేసి, లోపల రెండూ కలిశాక అందులోంచి వజ్రపు పూసలు గుచ్చిన ఉక్కు తీగ దూర్చి, రెండు కొసలూ కలిపి యంత్రానికి తగిలిస్తారు. తీగ గిరగిరా తిరుగుతూ వెనక్కి లాగుతుంటే రాయి తెగుతుంది. పక్కన ఒకడు పైపు పట్టుకుని నీళ్లు పోస్తూనే ఉంటాడు. బూడిదరంగు చిక్కటి నీళ్లు కారుతుంటాయి. గంటలకొద్దీ అదే పని. చివరికి ఇల్లంత రాయి మూడువైపులా తెగి నిలబడుతుంది. దాన్ని పడదోసే ముందు కింద మట్టీ రాతిముక్కలూ పోసి పరుపు వేస్తారు. పొక్లెయిన్ వాడు నిదానంగా నెడతాడు. అది ఒరిగేటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడరు. పడ్డాక ముందు మేస్త్రీ పోయి పగులుందేమో చూసుకుంటాడు.

కొనేవాడి తంతు ఇంకా బాగుంటుంది. యార్డులో బ్లాకులు వరసగా పేర్చి ఉంటాయి. ఒక్కోదాని మీద ఎర్రరంగుతో పొడవు, వెడల్పు, ఎత్తు, నంబరు. కొనేవాడు చైనావాడైనా ఇటలీవాడైనా మార్వాడీ అయినా చేసే పని ఒకటే. బకెట్‌తో నీళ్లు తెప్పించి రాతిమీద కొట్టిస్తాడు. తడిసిన రాయి అబద్ధం చెప్పదు. అసలు నలుపు బయటపడుతుంది, చుక్కలు లేస్తాయి, లోపలెక్కడైనా వెంట్రుకంత తెల్లగీత ఉంటే అదీ లేస్తుంది. వాడు వంగి, ఆ గీత మీద వేలితో రాస్తాడు. ఆ వేలు ఆగిన చోట ధర తగ్గుతుంది. అమ్మేవాడి ముఖం, కొనేవాడి వేలు, ఈ రెండూ చూడ్డానికి నేనయితే టికెట్ కొంటాను.

తెల్లగీత పడ్డ ముక్కలు ఊళ్లోనే మిగిలిపోతాయి. గడపలకు, మెట్లకు, గుడి అరుగులకు పోతాయి. మా సెంటర్లో ఒక టీకొట్టు ముందు రెండు ఇటుకల దొంతుల మీద గెలాక్సీ పలక ఒకటి పరిచి ఉంటుంది. లారీ డ్రైవర్లు దాని మీద కూర్చుని బీడీ కాలుస్తారు, టీ ఒలికిస్తారు. అదే రాయి ఇంగ్లండులో వంటగది బల్లగా మారితే, దాన్ని ఏ గుడ్డతో తుడవాలో, నిమ్మరసం పడితే ఏం చెయ్యాలో చెప్పే కాగితం కూడా ఇస్తారట. మా వాడు అక్కడ అద్దెకు దిగిన ఇంట్లో వంటగట్టు చూసి, "బాబాయ్, ఇది మనదే" అని ఫోటో పంపాడు. అక్కడ దాని పేరు స్టార్ గెలాక్సీ. ఇంటివాళ్లకు చీమకుర్తి పేరు తెలియదు, పలకడం అంతకన్నా రాదు.

అప్పుడు తట్టింది నాకు. కార్న్‌వాల్‌లో చూడదగ్గది కదలదు, మనిషి కదిలి వస్తాడు. మావైపు మనిషి రానక్కర్లేదు, చూడదగ్గదే కట్టకట్టుకుని వాడి ఇంటికి పోతుంది. ఇది నిన్నా ఇవాళా మొదలైన సంగతి కాదు.

ఒంగోలు గిత్తనే తీసుకోండి. పందొమ్మిదో శతాబ్దంలో ఓడెక్కి బ్రెజిల్ పోయింది. అక్కడివాళ్లు దానికి నెల్లూరు పేరు పెట్టి నెలోరి అని పిలుచుకున్నారు, కోట్ల మంద చేసుకున్నారు. ఈమధ్య వియాటినా-19 అనే ఆవుకు దాదాపు 40 కోట్ల రూపాయల విలువ కట్టారని చదివి మా ఊళ్లో అందరం మీసం దువ్వాం. మీసం మనది, ఆవు వాళ్లది. వర్జీనియా పొగాకు కూడా పెరిగింది మా రేగడిలో, కాలింది పరాయి దేశాల్లో.

అమరావతి స్తూపం కథ అందరికీ తెలిసిందే గానీ ఇక్కడ చెప్పక తప్పదు. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త పట్టణం కట్టుబడికని దిబ్బ తవ్వడం మొదలైంది. పలకలు కొన్ని గోడల్లోకి పోయాయి, కొన్నిటిని సున్నం కాల్చారు. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసులో కొన్నాళ్లు ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో ఇంగ్లండు ఓడ ఎక్కాయి. 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లండను చూడబోయిన గుంటూరువాడు అక్కడ చూసే గొప్ప వస్తువుల్లో ఒకటి పాత గుంటూరు జిల్లాది. తెల్లవాడు ఎత్తుకుపోయాడని తిట్టుకోవడం సులువు. సున్నంబట్టీలో పోయిన పలకలకు ఎవరిని తిట్టాలి?

ఇంకా దగ్గరి కథ చందవరానిది. దొనకొండ దగ్గర గుండ్లకమ్మ గట్టున గుట్ట మీద బౌద్ధ స్తూపం. 1964లో వెలుగులోకి వచ్చింది. అక్కడ దొరికిన శిల్పాల పలకలు ఆ ఊరి దగ్గరే పెట్టారు. చూసేవాడు లేని చోట కాపలా ఎంత ఉంటుందో అంతే ఉంది. దొంగలు పడ్డారు. బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల పలక ఒకటి ఏ దారిన పోయిందో పోయి, 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ వాళ్లు డబ్బు పోసి కొనుక్కునేదాకా వెళ్లింది. దొంగసొత్తని తేలాక 2016లో మన దేశానికి తిరిగి ఇచ్చారు. కాన్‌బెరాలో దాని ముందు నిలబడి చూసినవాళ్లలో పదోవంతు మంది చందవరంలో చూసి ఉంటే అది గుట్ట దిగేదా?

ఈ మాటే చెప్పి, మన గొయ్యిని కూడా వచ్చినవాళ్లకు చూపించాలని మా ఊళ్లో రిటైరైన మాస్టారొకరితో అన్నాను. ఆయన వేరుశెనక్కాయలు వలుచుకుంటూ విన్నాడు. "గుడి చూపించు, చెరువు చూపించు, తప్పులేదు. గోతినేం చూపిస్తావయ్యా? ఊరి బావులెండింది ఆ గోతి వల్ల. పత్తిచేల మీద దుమ్ము పడింది ఆ గోతి వల్ల. ఒడిశా కుర్రాళ్లు రేకులషెడ్లలో ఉడికిపోతా ఉండారు. దానికి మళ్లీ టికెట్టా?" అన్నాడు.

ఆయన చెప్పిన ప్రతి మాటా నిజం. నేను చూపించమనేది కూడా అందుకే. గెలాక్సీ వల్ల ఊళ్లో కొందరికి మేడలు లేచాయి. చాలామందికి కూలి దొరికింది, కొందరి ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరింది. ఇదంతా జరిగిన చోటు గేటు వెనక ఉంది. గేటు వెనక ఉన్నంతకాలం అది లీజుదారుడి లెక్క, గనుల శాఖ లెక్క, టన్నుకు ఇంతని సీనరేజి కట్టే లెక్క. జనం వచ్చి నిలబడి చూసే చోటైతే టిప్పర్ మీద పట్టా కప్పక తప్పదు, రోడ్డు తడపక తప్పదు, గట్టుకు కంచె వెయ్యక తప్పదు. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లి ఒకర్తె, "ఆ అబ్బాయి మూతికి గుడ్డ కట్టుకోలేదేం?" అని అడిగిందంటే ఇన్‌స్పెక్టరు అడిగినదానికంటే గట్టిగా వినపడుతుంది.

తవ్వకం ఆపమని నేననను. ఆపితే ఏమవుతుందో కోలారు చెప్పింది. తవ్వుతూనే గుర్తింపు తెచ్చుకోవచ్చనడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. కడపవైపు మంగంపేట ముగ్గురాయి నిక్షేపాన్ని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవిజ్ఞాన స్మారకాల జాబితాలో పెట్టింది. అది నడుస్తున్న గనే. బేలం గుహల్లో ఒకప్పుడు చుట్టుపక్కలవాళ్లు చెత్త పోసేవారు. 2002లో దీపాలు పెట్టి, దారి వేసి తెరిచాక ఇప్పుడు బస్సులు కట్టించుకుని పోతున్నాం. రాళ్లకు కూడా లోకంలో బిరుదులున్నాయి. భూగర్భ శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం చరిత్రలో పేరున్న కట్టడపు రాళ్లను ఎంచి వారసత్వ శిలలని ప్రకటిస్తోంది. ఇంగ్లండులో డార్సెట్ కౌంటీ రాయి పోర్ట్‌లాండ్‌కు 2013లో ఆ గౌరవం దక్కింది. లండన్ సెయింట్ పాల్ చర్చి కట్టింది ఆ రాతితోనే. ఆ పోర్ట్‌లాండ్‌లో తవ్వి వదిలేసిన క్వారీ ఒకటి ఇప్పుడు శిల్పాల తోట. మన దేశం నుంచి తాజ్‌మహల్ రాయి, మక్రానా పాలరాయి, 2019లో ఆ జాబితాకెక్కింది. గెలాక్సీకి తాజ్‌మహల్ లేదు, ఒప్పుకుంటాను. దానికి ఉన్నవి ఊరూపేరూ లేని వంటగట్లు, హోటళ్ల నేలలు, విమానాశ్రయాల్లో చేతులు కడుక్కునే అరుగులు. అయినా అర్జీ పెట్టుకోవడానికేం? ఒంగోలులో ఎంతమంది భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు లేరు!

నేను అడిగేది ఈడెన్ తోట కాదు. మన ఎండకు అది మూణ్ణాళ్ల ముచ్చట. రామతీర్థం దగ్గర, తవ్వకం అయిపోయిన అంచున, ఇనుప కటకటాలతో గట్టి చూపుగద్దె ఒకటి కావాలి. కింద పని జరుగుతుంటే పైనుంచి కనపడాలి. పక్కన రెండు రాళ్లు పెట్టాలి, ఒకటి గొయ్యిలోంచి వచ్చింది వచ్చినట్టు, ఒకటి పాలిష్ పట్టింది. పక్కనే కుళాయి, బకెట్. పిల్లలు నీళ్లు కొట్టి చూసుకుంటారు. పూసలు అరిగిపోయిన తీగ ముక్క ఒకటి వేలాడదీయాలి. చేతికి తగలాలి అది. డ్రిల్లు పట్టి పట్టి చేతులు వణికే పాత పనివాళ్లను కుర్చీవేసి కూర్చోబెట్టి జీతమివ్వాలి. ఒడిశావాడుంటే ఒడియాలోనే చెప్పనివ్వండి, పక్కనొకడు తెలుగులో చెబుతాడు. ఈ గోతుల్లో పని చేస్తూ ప్రాణం పోగొట్టుకున్నవాళ్ల పేర్లు గెలాక్సీ పలక మీదే చెక్కించాలి, తెల్లగీత లేని పలక మీద. ఎగుమతి రకం అన్నమాట.

దీనికి ప్రభుత్వం ఖర్చు పెట్టనవసరం కూడా లేదు. గనుల మీద వసూలు చేసే సొమ్ములో కొంత ఆ జిల్లా బాగుకే వాడాలని 2015లో చట్టం మార్చి, జిల్లా ఖనిజ నిధి అని పెట్టారు. ఆ డబ్బు ఉన్నది గని దెబ్బతిన్న ఊళ్ల కోసం. ఊరికి గౌరవం తెచ్చే పని అందులోకి రాదని ఎవరైనా అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి.

శివరాత్రికి రామతీర్థం మోక్ష రామేశ్వరుడి దగ్గరికి వచ్చే జనం ఎటూ వస్తున్నారు. గుడి నుంచి క్వారీ ఎంతో దూరం లేదు. దండం పెట్టుకుని, రిజర్వాయరు చూసుకుని, ఆటో ఎక్కి వెళ్లిపోయే ఆ జనంలో సగం మందికి కూడా తాము ఏ రాయి మీద నిలబడ్డారో తెలియదు. ముందు వాళ్లతో మొదలుపెడితే చాలు. ఇంగ్లండు వాళ్లు తర్వాత వస్తారు, వాళ్ల వంటగట్టు పుట్టిల్లు చూసుకోవడానికి.

ఈలోగా రావాలనుకునేవాళ్లకు దారి చెబుతాను. ఒంగోలులో కర్నూలు రోడ్డెక్కండి. పేర్నమిట్ట, సంతనూతలపాడు దాటాక చీమకుర్తి, మొత్తం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఎండ తిరిగాక బయల్దేరండి, టిప్పర్ల వెనక తొందరపడకండి. గొయ్యిలోకి దిగాలంటే లీజుదారు అనుమతి అడగాలి. అడిగితే కొందరు కాదనరు. అంచు దాకా మాత్రం వెళ్లొద్దు, అన్నిచోట్లా కంచె ఉండదు.